చాయ్ తెచ్చే ఆమె పేరు

నిన్న పొద్దున షాద్‌నగర్‌లో ఆఫీసు బస్సెక్కి కూర్చున్నానో లేదో ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషెవరో మా గైడులో ఒక తప్పు దిద్ది పంపారు. మ్యాపులు గీసే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో రాసిన గైడు అది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు, తప్పు కనబడితే ఎవరైనా దిద్ది పంపవచ్చు. వచ్చిన దిద్దుబాటును కలపాలో వద్దో తేల్చే పని నాది.

దిద్దింది పెద్దగా ఏమీ లేదు. గీసిన మ్యాపును సేవ్ చేసే పద్ధతి చెప్పే పేజీలో, రెండు సూచనల మధ్య ఈ మాటలున్నాయి: "ఇప్పుడు చాయ్ వస్తది. చాయ్ తెచ్చే ఆమె పేరు సత్తెమ్మ. ఆమె నీ భార్య." వాటిని కొట్టేసి, పక్కన ఎంతో మర్యాదగా రాశారు: "ఇది పొరపాటున చేరినట్టుంది, తీసేస్తున్నాను. నేను పంపుతున్న మొదటి మార్పు ఇదే. తప్పయితే మన్నించండి."

పొరపాటే. సాఫ్ట్‌వేర్ గైడులో ఒకరి భార్య పేరుంటే పొరపాటు కాక ఇంకేమిటి? 'కలుపు' అనే బొత్తాం నొక్కితే అయిపోయే పని. ఆఫీసు చేరేదాకా నొక్కలేదు. మధ్యాహ్నం డబ్బా తెరిచి అన్నం తింటూ మళ్లీ చూశాను, అప్పుడూ నొక్కలేదు. ఆ మాటలు రాసినాయన ఇప్పుడు లేరు. ఉంటే నా చేతి మీద ఒకటి వేసి తానే నొక్కేవారు.

ఆయన్ని మొదట చూసింది తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లగొండలో. ఒక కాలేజీ గదిలో మేం నలుగురం చేరి ఆ సాఫ్ట్‌వేర్ గురించి చెప్తున్నాం. వచ్చినవాళ్లంతా కుర్రకారు. వెనక బెంచీలో మాత్రం సఫారీ డ్రెస్సు వేసుకుని, ఒళ్లో గొడుగు పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నారు. నేను గైడు తెరిచి మొదటి వాక్యం చదివాను: "ముందుగా మీ కంప్యూటర్‌లో అవసరమైనవన్నీ సిద్ధంగా ఉండాలి." ఆయన గొడుగు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

"ముందుగా అంటే ఎప్పుడమ్మా?"

"అంటే... ఇది మొదలుపెట్టే ముందు సార్."

"నేను ఇప్పుడే గద వచ్చింది. నా కంటె ముందు వచ్చి ఎవరు సిద్ధం చేస్తరు?"

గదంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కాని ఇంటికి వచ్చి గైడు మళ్లీ తిరగేస్తే, ఆయన అడిగినదానికి అందులో నిజంగానే జవాబు లేదు. ఆ వారంలోనే నా నంబరు సంపాదించి ఫోన్ చేశారు. "నీ పేరేంది? ఏ ఊరు?" అని ఆరా తీశారు. మాది ఆత్మకూర్ అనీ, మా అబ్బాకు సైకిల్ రిపేర్ దుకాణం ఉందనీ చెప్పగానే "అయితే సరే బేటీ, చేతిపని తెలిసిన ఇల్లే" అన్నారు. ఆ రోజు నుంచి నేను ఆయనకు బేటీనే.

ఆయన ఉండేది నందికొండలో, సాగర్ డ్యామ్ కోసం కట్టిన ఊళ్లో. ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసర్‌గా చేసి రిటైరయ్యారు. కాలువల మ్యాపులను పలచటి గుడ్డ మీద సిరాతో ఎత్తి గీసే పని. చెమట చేయి ఆనితే సిరా అలుక్కుపోతుందని ఆ రోజుల్లో అరచేతులకు పౌడర్ రాసుకునేవారట. కంప్యూటర్ కొన్నాక కూడా అది మానలేదు. నేను వాళ్లింటికి పోయినప్పుడల్లా కీబోర్డు మీదంతా తెల్లటి పౌడర్. ఒక వాక్యం టైపు చేసి చుక్క పెట్టగానే వంగి స్క్రీన్ మీద మెల్లగా ఊదేవారు, తడి ఆరాలని. "సార్, అది తడి కాదు" అంటే "ఎరుకే" అనేవారు. మళ్లీ ఊదేవారు.

ఆయన రాసి పంపిన మొదటి పేజీ చూసి నవ్వాపుకోలేకపోయాను. "విషయము: కంప్యూటరు నందు సాఫ్ట్‌వేరు స్థాపించుట గురించి. పై విషయమునకు సంబంధించి యూజరు గారికి తెలియజేయునది ఏమనగా" అని మొదలైంది. ఫోన్ చేసి, "ఇది సర్క్యులర్ లెక్కుంది సార్" అన్నాను.

"సర్క్యులర్‌కేం తక్కువ? గవర్నమెంటు నడిచేదే దాని మీద."

"నడుస్తది గాని ఎవ్వరికి సమజ్ కాదు గద సార్."

ఆయనకు కోపం వచ్చింది. కొన్నాళ్లు ఫోన్ లేదు. తర్వాత వచ్చిన పేజీ ఇలా ఉంది: "కూసో. భయపడకు. ఇది నువ్వు పాడు చేస్తే పాడయ్యేది కాదు." ఇక అక్కణ్నుంచి మొత్తం 'నువ్వు' అనే రాశారు. కొత్త మనిషికి మర్యాద కంటె తోడు ఎక్కువ అవసరమని ఆయన వాదన. గైడులో 'సులభంగా' అన్న మాట ఎక్కడ కనబడినా కొట్టేసేవారు. "సులువైతే గింత పెద్ద పుస్తకం ఎందుకు? రానోడు అది సదివి, నేనే మొద్దును గావచ్చు అనుకుంటడు" అనేవారు.

గైడులో ఏ లోపం కనబడినా, ఆఫీసు ఫైలు మీద రాసినట్టు 'అబ్జెక్షన్' అని రాసి పంపేవారు. పేజీ పూర్తయ్యాక దాన్ని పరీక్షించే పద్ధతి కూడా ఆయనకొకటి ఉంది. ఇంటికి ఎవరొస్తే వాళ్లను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం. చేపలు అమ్మే ఆమె, పక్కింటి కోడలు, కరెంటు బిల్లు ఇచ్చే మనిషి, ఎవరైనా సరే. ఎవరూ దొరక్కపోతే భార్య సత్తెమ్మ గారు. "మా సత్తెమ్మకు సమజైతేనే పేజీ పాసైనట్టు" అని గొప్పగా చెప్పేవారు. కాని పాసైన పేజీలు కొన్ని నాకే అర్థమయ్యేవి కావు. ఒకసారి ఆయన లేనప్పుడు సత్తెమ్మ గారిని అడిగాను.

"పొయ్యి మీద కూర పెట్టి పోతి బిడ్డా" అందామె. "సమజ్ కాలేదంటే మల్ల మొదటి నుంచి మొదలువెడ్తడు. అయిందంటే ఇడిసి పెడ్తడు. ఇక అయిందనే అంట."

ఈ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఆ పేజీలను వేరే సాకు చెప్పి ఆయన చేతే మళ్లీ రాయించాను.

సాఫ్ట్‌వేర్ మొత్తానికి పెద్దలు వేరే ఉన్నారు, ఎక్కడెక్కడో దేశాల్లో. ఆ సర్క్యులర్ లాంటి పేజీ నాకు పంపక ముందే ఆయన నేరుగా వాళ్లకు ఒక మార్పు పంపి ఉన్నారు. మరీ వివరంగా ఉందని వాళ్లు తిప్పి పంపారు. కారణం రాశారు, ధన్యవాదాలు కూడా చెప్పారు. అయినా ఆయన చాలా నొచ్చుకున్నారు. తర్వాతెప్పుడో మహబూబ్‌నగర్ నుంచి ఒక డిగ్రీ అమ్మాయి మా తెలుగు గైడుకు మార్పు పంపితే, అందులో సగం తప్పులున్నాయని నేను వద్దనబోయాను. ఫోన్‌లో నా మీద గయ్యిమన్నారు.

"కొత్తగ వచ్చిన మనిషిని గడప కాడికెళ్లి తిప్పి పంపుతరా? ముందుగాల లోపలికి రమ్మను. కూసోబెట్టు. ఆనక తప్పులు చెప్పు. మొదటిసారి పంపింది ఎవ్వరిదైనా సరే, కలుపు. వాపసు పోయినోడు మల్ల రాడు బేటీ, నాకెరుక."

కలిపాను. ఆ అమ్మాయి తర్వాత మంచి పేజీలు రాసింది కూడా. ఆ తర్వాత ఈ విషయంలో ఆయనకు ఎదురు చెప్పలేదు.

కొన్నేళ్లు అట్లా గడిచాయి. ఎప్పుడు మొదలైందో చెప్పలేను గాని, ఆయన పంపే మార్పులు ఉండే కొద్దీ చిన్న చిన్న సంగతుల మీదికి దిగుతూ వచ్చాయి. ముందు మ్యాపు గీయడం గురించి రాసేవారు. తర్వాత ఫైలు అంటే ఏమిటో రాశారు. ఆ తర్వాత కంప్యూటర్ ఎట్లా ఆన్ చేయాలో. ఒకరోజు "కుర్చీ లాక్కొని కూసో. కుర్చీ లేకుంటే పక్క గదిలో ఉంటది" అని వచ్చింది. నేను ఫోన్ చేసి ఆటపట్టించాను. "కుర్చీ ఎక్కడుంటదో కూడ మనమే చెప్పాల్నా సార్?"

"ఎవ్వనికన్న యాదికి లేకుంటే?" అన్నారు. ఇద్దరం నవ్వాం.

తర్వాత ఒక పేజీ వచ్చింది. అంతకు ముందు రోజు పంపిన పేజీయే, అక్షరం మారకుండా. "నిన్ననే పంపిండ్రు గద సార్" అన్నాను. "నిన్ననా" అని మాత్రం అన్నారు. ఆ గొంతు విన్నాక నాకిక నవ్వు రాలేదు.

ఆ నెలలోనే సత్తెమ్మ గారు ఫోన్ చేసింది. ఆయన కూరగాయలకని పోయి ఇంటికి దారి తెలియక బస్టాండులో కూర్చున్నారట. తెలిసిన ఆటో అతను తెచ్చి దింపాడట. నల్లగొండ దవాఖానలో చూపించారు, అక్కణ్నుంచి హైదరాబాద్ పంపారు. మందులు రాశారు, పోయిన జ్ఞాపకం తిరిగి రాదని కూడా చెప్పారు. "కంప్యూటర్ ముంగట కూసుంటెనే జర నిమ్మలంగ ఉంటున్నడు బిడ్డా" అందామె. "అదొక్కటి ఉంటే చాలు."

అదీ ఉండలేదు. సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. అందులో అన్నీ మారిపోయాయి. పాత గైడు చదివితే కొత్తవాళ్లు తికమక పడతారని పెద్దలు దాన్ని తీసేశారు. నేను వేడుకున్నాను. ఎంతో ఓపికగా జవాబిచ్చారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు. అదే నాకు ఇంకా బాధ.

మర్నాడు పొద్దున ఆయన ఫోన్. "బేటీ, మన పేజీలు ఎవరో తీసేసినట్టుంది. జర సూడు."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎంత కష్టపడ్డామో గుర్తు చేశారు, వాదించారు, చివరికి "సరే, పెద్దోళ్లు అనుకున్నంక మనమేం జేస్తం" అని పెట్టేశారు. ఆ మర్నాడు మళ్లీ ఫోన్. "బేటీ, మన పేజీలు ఎవరో తీసేసినట్టుంది." మళ్లీ చెప్పాను. మళ్లీ అంత బాధ, ఏమాత్రం పాతబడకుండా. రోజూ ఒకే చావు కబురు ఒకే మనిషికి చెప్పినట్టుండేది. చెప్పలేక ఒకరోజు ఫోన్ ఎత్తలేదు. ఆ సాయంత్రం సత్తెమ్మ గారు చేసింది.

"నిజం చెప్పకు బిడ్డా. రోజు ఇనేటంత పానం లేదు ఆయనకు."

ఓపెన్ సోర్స్ అనే ఈ తరహా ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక వెసులుబాటు ఉంది. నచ్చకపోతే మొత్తాన్ని నకలు తీసుకుని ఎవరికి వాళ్లు నడుపుకోవచ్చు. పెద్ద పెద్ద గొడవలైనప్పుడు చేసే పని అది. నేను ఒక్క మనిషి కోసం చేశాను. పాత వెర్షన్‌కూ పాత గైడుకూ నకలు తీసి, ఆయన కంప్యూటర్‌లో అదే తెరుచుకునేట్టు పక్కింటి కోడలికి ఫోన్‌లో చెప్పి పెట్టించాను. "దొరికినయి సార్" అన్నాను. "ఎక్కడికి పోతయి" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఏది పంపినా కలిపేశాను. డాక్టర్లే ఏమీ చేయలేకపోయారు. నా చేతిలో ఉన్నది ఒక బొత్తాం. ఒకే వాక్యం మూడు చోట్ల పంపినా కలిపాను. "కిటికీ తెరువు. కండ్లకు వెలుతురు మంచిది" అంటే అదీ కలిపాను. ఒకరోజు బస్సులో ఉండగా పాత అలవాటు ప్రకారం ఒక అబ్జెక్షన్ వచ్చింది: "అబ్జెక్షన్: సేవ్ చేయు సమయమున ఒకామె గదిలోకి వచ్చుచున్నది. ఆమె ఎవరో గైడులో రాయలేదు."

చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోకుండా ఏడ్చాను. అంతలోనే రెండోది వచ్చింది. ఆయన ఆమెనే అడిగి తెలుసుకుని, లోపం తానే సవరించారు. చాయ్, సత్తెమ్మ, నీ భార్య. పక్కనే నిలబడి ఆమె వద్దని మొత్తుకుందట. "కంప్యూటర్ పుస్తకంల నా పేరేంది, సదివినోళ్లు నవ్వుతరు, కొట్టెయ్యి" అని. ఆయన వినలేదు. చుక్క పెట్టి ఊదారట.

ఆ ఆదివారమే నందికొండ పోయాను. ఆయన గుమ్మం దాకా వచ్చి నన్ను ఎగాదిగా చూశారు. "కంప్యూటర్ నేర్సుకోను వచ్చినవా?" అన్నారు. సత్తెమ్మ గారు నా చేయి పట్టుకుని మెల్లగా నొక్కింది. "అవ్ సార్" అన్నాను.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన స్టూలు వేసుకుని మొదటి పేజీ తీశారు. ఆయన రాసి, నేను కలిపిన పేజీ. "తప్పు నొక్కితే ఏంగాదు. మిషన్‌కు కోపం రాదు, నాక్కూడ రాదు" అన్నారు. నేనెవరో తెలిసినన్నాళ్లూ నా మీద ఎన్నిసార్లు కోప్పడ్డారో లెక్కలేదు. ఆ రోజు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. నేను కావాలని తప్పులు చేశాను. ప్రతిసారీ ఓపికగా మళ్లీ చెప్పారు. నన్ను మరిచిపోయినందుకు బాధపడాలో, నేనెవరో తెలియకుండానే అంత ప్రేమగా చూస్తున్నందుకు సంతోషించాలో తెలియలేదు. బాధే పడ్డాను.

మ్యాపు సేవ్ చేసే పేజీకి వచ్చేసరికి సత్తెమ్మ గారు చాయ్ తెచ్చింది. ఆయన చెప్పడం ఆపి ఆమె వైపు చూశారు. ఎవరో తెలియలేదు. ఆ కళ్లలో గాబరా నాకు కనబడింది. వెంటనే స్క్రీన్ మీద వేలు పెట్టి వెతుక్కున్నారు. వాక్యం దొరికింది. వేలు తీయకుండా తలెత్తారు.

"సత్తెమ్మా, ఈ పిల్లకు గూడ చాయ్ పొయ్యి" అన్నారు.

ఆమె వంటింట్లోకి పోయింది. నేను వెనకే వెళ్లాను. గ్లాసు కడుగుతూ నా వైపు తిరగకుండానే అంది: "సూసి సదివిండు. ఎరికే. సూసి సదివినా గని, పిలిసిండు గద బిడ్డా. రోజు గీ చాయ్ యాళ్లకు పిలుస్తున్నడు. ఒక్కోనాడు రెండుసార్లు పెట్టి తెస్తున్న."

పోయిన చలికాలంలో ఆయన పోయారు. అంతకు చాలా రోజుల ముందే చదవడం కూడా మరిచిపోయారు. సత్తెమ్మ గారు ఇప్పుడు నల్లగొండలో కూతురి దగ్గర ఉంటోంది. నకలు మాత్రం ఉండిపోయింది. తీసేయడానికి చేతులు రాలేదు. కొత్త వెర్షన్ నడవని పాత కంప్యూటర్లు మన ఊళ్లలో ఇంకా బోలెడు. ఎట్లా వెతికి పట్టుకుంటారో గాని, నేర్చుకునే పిల్లలు దాంట్లోకి వస్తున్నారు. గైడు బాగుందని ఒకరిద్దరు రాశారు. మధ్యమధ్య వచ్చే కిటికీలనూ కుర్చీలనూ ఎవరూ పట్టించుకోలేదు, నిన్నటిదాకా.

సాయంత్రం బస్సు దిగి సత్తెమ్మ గారికి ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

"తప్పే గద మరి" అంది. "నేర్సుకునేటోళ్లకు నా పేరెందుకు? నేనప్పుడే చెప్పిన, ఇన్నడా?"

"మీరు ఉంచమంటే ఉంచుత అమ్మా. నా చేతుల్నే ఉన్నది."

"ఎవరు పంపిండ్రు? మొగపిలగాడా, ఆడపిల్లనా?"

"తెల్వదు. మొదటిసారి పంపుతున్న అని రాసిండ్రు."

"మొదటిసారా?" అంది. "మరి నన్నెందుకు అడుగుతున్నవ్? ఆయనుంటే అడిగేటోడా?"

అడిగేవారు కాదు. ఇద్దరికీ తెలుసు.

"తీసెయ్" అంది. మళ్లీ ఆమే, "తీసే ముందు ఒక్కపారి సదువు" అంది.

చాయ్ వస్తదనీ, తెచ్చే ఆమె సత్తెమ్మ అనీ, ఆమె నీ భార్య అనీ చదివాను. రోడ్డు పక్కన నిలబడి, లారీల మోతలో గట్టిగా చదవాల్సి వచ్చింది. అంతా విని, "అన్నం తిను పో బిడ్డా" అంది.

ఇంటికి వచ్చి బొత్తాం నొక్కాను. పంపిన మనిషి కాచుకుని ఉన్నట్టున్నారు, వెంటనే జవాబు వచ్చింది. "చాలా సంతోషం మేడమ్. నాది తీసుకుంటారనుకోలేదు. ఇట్లాంటి పొరపాట్లు ఇంకా ఉన్నట్టున్నాయి, అన్నీ నేను సరిచేస్తాను. తర్వాత ఏ పేజీ చూడమంటారు?"

ఆ తర్వాతి పేజీ తీసి చూశాను. ప్రింటు తీయడం గురించి రెండు సూచనలు, వాటి కింద కూరగాయల మార్కెట్ నుంచి ఇంటి గేటు దాకా ఆయన రాసుకున్న దారి.

"తర్వాతి పేజీయే చూడండి" అని రాశాను. "అందులో కూడా ఉన్నాయి. తొందరేమీ లేదు."